వేటకెళ్ళేవాడి ఒంటి మీద ఆపద బీకన్: ఏది కొనాలి, ఏది వద్దు

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి సుఖం. కాకినాడ, భైరవపాలెం, ఓడలరేవు, అంతర్వేది పల్లిపాలెం వైపు నుంచి నాలుగైదు రోజుల వేటకి పోయే మరబోటుకి ఇస్రో తయారు చేసిన ఆపద సంకేత పరికరం (డాట్) ఒకటి ఉండాలి. బోటు నడిపే సరంగు ఒంటి మీద తెర ఉన్న పీఎల్‌బీ ఒకటి ఉండాలి. ఆ తర్వాత డబ్బు మిగిలితే కలాసీలకి, అంటే బోటులో పనిచేసేవాళ్ళకి కొనండి. ఆన్‌లైన్లో ‘మిలిటరీ గ్రేడ్’ అని రాసి అమ్మేవాటిలో సగం గుణాలు మనకి అక్కర్లేదు, కొన్నయితే మనకి చేటే. ఎందుకో కింద వివరంగా ఉంది.

పీఎల్‌బీ అంటే పర్సనల్ లొకేటర్ బీకన్. గుప్పెట్లో పట్టేంత ట్రాన్స్‌మిటర్. యాంటెన్నా విప్పి మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద 5 వాట్ల బలంతో అర సెకను పాటు సంకేతం వదులుతుంది, సుమారు 50 సెకన్లకోసారి మళ్ళీ మళ్ళీ వదులుతూనే ఉంటుంది. అందులో మాటలుండవు. 15 అక్షరాల గుర్తింపు సంఖ్య, జీపీఎస్ దొరికితే మనిషి ఉన్న చోటు, అంతే. దాన్ని కాస్పస్-సర్సాట్ ఉపగ్రహాలు అందుకుంటాయి. అమెరికా, కెనడా, ఫ్రాన్స్, అప్పటి సోవియట్ యూనియన్ 1979లో కలిసి పెట్టుకున్న ఏర్పాటు ఇది. నెలనెలా చందా ఉండదు. మన ఇన్శాట్-3డీఆర్, 3డీఎస్ ఉపగ్రహాల మీద కూడా ఈ పని చేసే పెట్టెలున్నాయి. బెంగళూరులో ఇస్రో మిషన్ కంట్రోల్ సెంటర్ సంకేతాన్ని విప్పి, మన వైపు సముద్రమైతే చెన్నైలోని కోస్ట్‌గార్డ్ రెస్క్యూ కేంద్రానికి పంపుతుంది.

జీపీఎస్ అందితే చోటు వంద మీటర్ల అటూఇటూగా తెలుస్తుంది. అందకపోతే ఉపగ్రహం కదలిక వల్ల వచ్చే ఫ్రీక్వెన్సీ తేడాని బట్టి లెక్కకట్టాలి, అప్పుడు 5 కిలోమీటర్ల దాకా తేడా రావచ్చు. అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కనిపిస్తుంది, అది కూడా దగ్గరికొస్తేనే. కాబట్టి జీపీఎస్ లేని పాత బీకన్ చవగ్గా వస్తోందని తీసుకోవద్దు.

ఇవి కాక 121.5 మెగాహెర్ట్జ్ మీద చిన్న సంకేతం కూడా వెళ్తుంటుంది. బలం ఒక వాట్‌లో పదో వంతు కూడా ఉండదు. విమానమో, కోస్ట్‌గార్డ్ ఓడో దగ్గరికొచ్చాక దిక్కు పట్టుకోవడానికి అది. ఒకప్పుడు ఉపగ్రహాలు దీన్నీ వినేవి. 2009 ఫిబ్రవరి 1 నుంచి వినడం మానేశాయి. పాత సామాన్ల మార్కెట్లో 121.5 మాత్రమే ఉన్న బీకన్ కనిపిస్తే అది ఆకాశానికి అసలు వినపడదని గుర్తుంచుకోండి.

ఇక్కడ మనవాళ్ళు పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆపదలో ఉన్న మనిషి దగ్గరికి మొదట చేరగలిగేది చాలాసార్లు పక్కన వేటాడుతున్న బోటే. ఆ బోటుకి 406 వినపడదు. 121.5 మీద దిక్కు చూపే యంత్రం దాని మీద ఉండదు. ఏఐఎస్, అంటే ఓడలు తమ చోటుని ఒకదానికొకటి రేడియోలో తెలుపుకునే యంత్రం, తప్పనిసరి అనేది 20 మీటర్లు దాటిన వేట బోట్లకే. మన ఫైబర్ బోట్లు, చాలా మరబోట్లు ఆ కొలతకి లోపే. పక్క బోటుకి అర్థమయ్యేది ఒకే ఒక్కటి, బోట్లు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్లో చెప్పే అక్షాంశం, రేఖాంశం. అందుకే మేము తెర ఉన్న మోడల్‌కి ఓటేస్తున్నాం. మునిగే ముందు దొరికే ఆ రెండు నిమిషాల్లో కేబిన్‌లో జీపీఎస్ ఆగిపోయినా, చేతిలో ఉన్న బీకన్ తెర మీద అంకెలు చూసి చదవొచ్చు.

ఆ చదవడంలోనే పెద్ద తప్పు జరుగుతుంటుంది. తెర మీద 16 డిగ్రీల 30.0 నిమిషాలు అని ఉంటే, అవతలివాడు దాన్ని 16.30 డిగ్రీలుగా ఫోన్ మ్యాప్‌లో కొట్టాడనుకోండి. అసలు చోటు 16.50 డిగ్రీలు. తేడా 0.2 డిగ్రీలు, అంటే 12 నాటికల్ మైళ్ళు, సుమారు 22 కిలోమీటర్లు. ఓడలరేవు ఎదురుగా ఉన్నవాణ్ణి ఎక్కడో వెతుకుతారన్నమాట. ‘డిగ్రీలు’, ‘నిమిషాలు’ అనే మాటలు పలికి మరీ చెప్పాలి. బోట్లన్నీ జీపీఎస్‌ని ఒకే పద్ధతిలో పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇక మోడళ్ళు. ఏసీఆర్ కంపెనీ రెస్క్‌లింక్ వ్యూ: తెర ఉంటుంది, చోటు, బ్యాటరీ స్థితి, సంకేతం వెళ్ళిందా లేదా అన్నీ చూపిస్తుంది. నీళ్ళలో తనంతట తనే తేలుతుంది. బ్యాటరీ గడువు 5 ఏళ్ళు. మెరిసే దీపంతో పాటు పరారుణ దీపం కూడా ఉంది. చీకట్లో చూపించే కళ్ళద్దాలు పెట్టుకుని హెలికాప్టర్ నడిపేవాళ్ళకి అది దూరం నుంచే కనపడుతుంది. అదే కంపెనీ రెస్క్‌లింక్ 400లో తెర ఒక్కటే తక్కువ, బరువు 148 గ్రాములు. డబ్బు కుదరకపోతే ఇది తీసుకోవచ్చు.

ఓషన్ సిగ్నల్ వాళ్ళ రెస్క్యూమీ పీఎల్‌బీ1 బరువు 116 గ్రాములు, బ్యాటరీ గడువు 7 ఏళ్ళు, 15 మీటర్ల లోతు దాకా నీళ్ళు ఎక్కవు. లైఫ్ జాకెట్ లోపల ఇమిడిపోతుంది. లోపమేంటంటే అది సొంతంగా తేలదు. దాంతో ఇచ్చే తేలే సంచిలో ఉంచితేనే తేలుతుంది. ఆ సంచి తీసేసి జేబులో వేసుకున్నవాడి చేయి జారిందా, ఇక సముద్రపు అడుగుకే. మెక్‌మర్డో ఫాస్ట్‌ఫైండ్ 220 కూడా ఇదే తరహా, 152 గ్రాములు, 6 ఏళ్ళ బ్యాటరీ, దాన్నీ సంచితోనే వాడాలి.

ఓషన్ సిగ్నల్ పీఎల్‌బీ3లో రెండు కొత్త సంగతులున్నాయి. ఒకటి ఏఐఎస్. చుట్టుపక్కల నాలుగైదు నాటికల్ మైళ్ళ లోపు ఓడల తెరల మీద నీళ్ళలో పడ్డ మనిషి గుర్తు మెరుస్తుంది. మన తీరంలో ఇది అందరికీ ఒకేలా పనికిరాదు. కాకినాడ రేవు లంగరు దగ్గర ఓడలు ఆగుతాయి, కేజీ బేసిన్ రిగ్గులకి సామాను మోసే ఓడలు తిరుగుతుంటాయి, అక్కడ ఏఐఎస్ ఉంటే వరమే. బలుసుతిప్ప నుంచి ఒంటరిగా దక్షిణంగా పోయేవాడికి దాన్ని వినే ఓడ దొరక్కపోవచ్చు. రెండోది యూరప్ గెలీలియో ఉపగ్రహాల రిటర్న్ లింక్. 2020 జనవరి నుంచి నడుస్తోంది. ‘నీ సంకేతం అందింది’ అని బీకన్ మీద దీపం వెలుగుతుంది. అది యంత్రం యంత్రానికి ఇచ్చే రసీదు. కాపాడే బోటు బయల్దేరిందని కాదు. ఈ ముక్క కలాసీలకి ముందే చెప్పకపోతే, దీపం వెలగ్గానే ఇంకేముంది వచ్చేస్తారని బీకన్‌ని పక్కన పడేస్తారు.

ధర విదేశాల్లో మోడల్‌ని బట్టి 300 నుంచి 500 డాలర్ల మధ్య ఉంటుంది. ఇక్కడికొచ్చేసరికి సుంకాలు కలుస్తాయి.

ఇస్రో పరికరం సంగతికొద్దాం. మొదటి తరం డాట్, అంటే డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్, 2010 నుంచి వాడుకలో ఉంది. ఇరవై వేలకి పైగా ఇచ్చారు. నిప్పంటుకుందా, మునుగుతోందా, వైద్యం కావాలా అన్నది మీటతోనే చెప్పొచ్చు. పీఎల్‌బీలో ఆ వీలు లేదు. డాట్ లోపం, కబురు ఒకే వైపు పోవడం. నొక్కినవాడికి అందిందో లేదో తెలియదు. 2024 జనవరిలో ఇస్రో ప్రకటించిన రెండో తరంలో ఆ లోపం తీరింది. కంట్రోల్ సెంటర్ నుంచి జవాబు వస్తుంది. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే మన భాషలోనే కబురు చదువుకోవచ్చు. తుపాను హెచ్చరికలూ, చేప దొరికే చోట్లూ అందులోనే వస్తాయి. 2024 ఆగస్టు 30న కేంద్రం మొదలుపెట్టిన పథకంలో లక్ష బోట్లకి రెండు వైపులా కబుర్లు నడిపే ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా బిగించాలని లెక్క. రేవులో మత్స్యశాఖ వాళ్ళని అడిగి మీ బోటు పేరు ఎక్కించుకోండి. ఉచితంగా వచ్చేదాన్ని వదిలేసి ముప్పై వేలు పోసి ఇంకోటి కొనడం తెలివి కాదు.

అలాగని అదొక్కటే చాలదు. అది బోటుకి బిగించి ఉండే వస్తువు. రాత్రి వల లాగుతూ తాడు తగిలి కలాసీ నీళ్ళలో పడితే, బోటు అరమైలు పోయేదాకా ఎవరూ చూడకపోతే, బోటు మీది పరికరం బోటు చోటునే చెబుతుంది. నీళ్ళలో ఉన్న మనిషికి తన ఒంటి మీద ఉన్నదే దిక్కు.

ఇక సైన్యం వాడేవి. వియత్నాం యుద్ధంలో అమెరికా పైలట్ల దగ్గర పీఆర్‌సీ-90 రేడియో ఉండేది, 243.0 మెగాహెర్ట్జ్ మీద బీకన్, 282.8 మీద మాట. ఇబ్బంది ఏమిటంటే శత్రువు కూడా వినేవాడు. పట్టుకున్న రేడియోలతోనే సంకేతం పంపి హెలికాప్టర్లని ఉచ్చులోకి లాగిన సందర్భాలున్నాయి. అందుకే తర్వాత వచ్చిన పీఆర్‌సీ-112లో ఒక్కో రేడియోకి విడిగా గుర్తింపు సంకేతం పెట్టారు. వచ్చే హెలికాప్టర్ ఆ సంకేతంతో పలకరిస్తేనే బదులిస్తుంది. 1995 జూన్‌లో బోస్నియాలో కూలిన ఎఫ్-16 పైలట్ స్కాట్ ఓగ్రేడీ ఆరు రోజులు దాక్కుని బయటపడింది ఆ రేడియోతోనే. ఇంకా తర్వాత వచ్చిన సీఎస్‌ఈఎల్ అనే రేడియోలో రహస్య లిపిలో అచ్చు కబుర్లు ఉపగ్రహం ద్వారా రెండు వైపులా వెళ్తాయి. అవి సెకనులో చిన్న వంతు పాటు మాత్రమే గాల్లో ఉంటాయి కాబట్టి దిక్కు పట్టడం కష్టం. యుద్ధ విమానం నుంచి పైలట్ సీటుతో పాటు ఎగిరిపడే బీకన్‌కి తనంతట తను మొదలయ్యే మీట ఉంటుంది. శత్రు దేశం మీద ఎగిరేటప్పుడు దాన్ని ఆపేసి ఉంచుతారు.

ఈ తెలివంతా దాక్కోవడానికి. మన మనిషికి కావలసింది కనపడడం. దేశం ఏదని చూడకుండా, అటుగా పోయే ఏ జెండా ఓడైనా వినేలా అరవాలి. రహస్య లిపి బీకన్ అరుపు, దాన్ని విప్పే యంత్రం ఉన్న దళానికి తప్ప ఎవరికీ అర్థం కాదు. పాత సైనిక రేడియోలు కొందరు సేకరించే మోజుతో అమ్ముతుంటారు. 243 మీద ఉపగ్రహాలు వినడం కూడా 2009లోనే ఆగింది. పైగా లైసెన్స్ లేకుండా సైనిక ఫ్రీక్వెన్సీలో మీట నొక్కితే కేసవుతుంది. సైన్యం నుంచి తెచ్చుకోదగ్గవి మూడే మాకు కనిపిస్తాయి: పరారుణ దీపం, ఒక చేత్తో విప్పగలిగే యాంటెన్నా, ఒంటికి కట్టుకునే పద్ధతి. ‘మిల్ స్టాండర్డ్ 810’ అని డబ్బా మీద ఉంటే అది దుమ్ము, దెబ్బ, వేడి లాంటి పరీక్షల పేరు మాత్రమే. సిగ్నల్ ఎంత దూరం పోతుందన్నదానికీ దానికీ సంబంధం లేదు.

రాజమహేంద్రవరం విమానాశ్రయం నుంచి హెలికాప్టర్‌లో రిగ్గులకి పోయే ఉద్యోగులది వేరే లెక్క. వాళ్ళకి బీకన్లు కంపెనీయే ఇస్తుంది, సొంతంగా ఇంకోటి జేబులో పెట్టుకుని ఎక్కకండి. 2009 ఫిబ్రవరి 18న ఉత్తర సముద్రంలో ఒక హెలికాప్టర్ నీళ్ళలో దిగింది. 18 మందీ బతికారు, కానీ వాళ్ళ చేతి గడియారాల బీకన్లు 121.5 మీద కూస్తుంటే, పక్కనున్న పెద్ద బీకన్లు ‘ఎవరో ఇప్పటికే పిలుస్తున్నారు’ అనుకుని తమంతట తామే ఆగిపోయాయని దర్యాప్తులో తేలింది. బోటు మనుషులకీ ఇందులో నేర్చుకోవలసింది ఉంది. ఒకే చోట గుంపుగా తేలుతుంటే ఒక్క బీకనే వెలిగించండి. అది అయిపోయాక రెండోది. అన్నీ ఒకేసారి కూస్తే దిక్కు పట్టేవాడికి గందరగోళం, బ్యాటరీలన్నీ ఒకే రోజు ఖాళీ.

మన దగ్గర ఎక్కడ చెడిపోతాయో చూద్దాం. మొదటిది, కేబిన్ పెట్టెలో తాళం వేసి ఉంచడం. వేల రూపాయల వస్తువు పోతుందని ఓనరు భయం. బోటు తిరగబడ్డప్పుడు ఆ తాళంతో సహా పోతుంది. రెండోది, యాంటెన్నా నీళ్ళలో ఉండడం. 406 మెగాహెర్ట్జ్ ఉప్పునీటిని దాటదు. బీకన్‌ని ఛాతీ దగ్గర పట్టుకుంటే అల వచ్చినప్పుడల్లా సంకేతం మాయమవుతుంది. భుజం మీద, యాంటెన్నా నిటారుగా ఆకాశంలోకి ఉండేలా లైఫ్ జాకెట్‌కి బిగించాలి. జీపీఎస్ గుర్తు ఉన్న ముఖం మీద బొటనవేలు పడకూడదు. మూడోది, ఇనప కప్పు కింద నొక్కడం. కోరింగ మడ అడవుల పాయల్లో చిక్కుకున్నా అంతే, కొమ్మల కింద నుంచి తప్పుకుని ఆకాశం కనిపించే చోటికి రావాలి. జీపీఎస్‌కి కొన్ని నిమిషాలు కదలకుండా తెరపి ఇవ్వాలి. నాలుగోది తాడు. పీఎల్‌బీ తాడు మనిషికి కట్టాలి. బోటుకి కడితే మునిగే బోటు దాన్ని కిందికి లాక్కుపోతుంది.

వేడి కూడా శత్రువే. బ్యాటరీ కనీసం 24 గంటలు పనిచేయాలన్న లెక్క సున్నాకి 20 డిగ్రీలు దిగువన పెట్టిన పరీక్షది. మన వెచ్చటి సముద్రంలో అంతకంటే ఎక్కువే వస్తుంది. కానీ ఇంజిన్ గది పక్కన, ఎండలో కేబిన్ పైన ఏళ్ళ తరబడి ఉంచితే లిథియం బ్యాటరీ గడువు దాకా నిలవదు. ఉప్పు పేరుకుంటే యాంటెన్నా రేకు ఇరుక్కుంటుంది. వేట నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి. డీజిల్ చేతులతో నీళ్ళు ఎక్కకుండా ఆపే రబ్బరు పట్టీని తాకకండి.

సెల్ఫ్ టెస్ట్ నెలకొకసారి చాలు. అది కూడా బ్యాటరీ తింటుంది. జీపీఎస్ పరీక్షకైతే కొన్ని మోడళ్ళలో బ్యాటరీ జీవితకాలం మొత్తానికి 12 సార్లే వీలుంది. కుర్రాళ్ళు సరదాకి నొక్కకుండా చూసుకోండి.

కొనేటప్పుడు అడగాల్సినవి: కాస్పస్-సర్సాట్ టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ నంబరు, ఇక్కడి వైర్‌లెస్ అనుమతి కాగితాలు, బ్యాటరీ తయారీ తేదీ. ముఖ్యంగా అందులో రాసిన దేశం కోడ్. భారత్‌ది 419. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిచ్చిన బీకన్‌లో అమెరికా కోడ్ ఉంటుంది. సంకేతం మన చెన్నైకి చేరినా, అది ఎవరిదో తెలియాలంటే ఆ దేశం లెక్కల్లో వెతకాలి, సమయం పోతుంది. డీలరు చేత 419తో రాయించుకుని, బెంగళూరు కేంద్రంలో నమోదు చేయించండి. నమోదులో బోటు రిజిస్ట్రేషన్ నంబరు, రంగు, పొడవు, సాధారణంగా ఎంతమంది వెళ్తారో రాయాలి. ఫోన్ నంబర్లు ఒడ్డున ఉండేవాళ్ళవి ఇవ్వాలి. సముద్రంలో ఉన్న సరంగు నంబరే ఇచ్చిన నమోదుతో ఎవరికీ లాభం లేదు. సిమ్ మార్చినా, బోటు అమ్మినా సరిదిద్దాలి.

గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ మెసెంజర్లు, ఉపగ్రహ ఫోన్లు టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు. విదేశీ పర్యాటకులే విమానాశ్రయాల్లో చిక్కుల్లో పడ్డారు. వలలకి కట్టే చైనా ఏఐఎస్ బోయాలు చవగ్గా దొరుకుతాయి. అవి వలని వెతకడానికే, మనిషిని కాపాడే గొలుసులో వాటికి చోటు లేదు.

పొరపాటున మోగితే వెంటనే ఆపి, కోస్ట్‌గార్డ్ 1554కి ఫోన్ చేసి గుర్తింపు సంఖ్య, సమయం చెప్పండి. ఏమీ చెప్పకుండా ఆపేస్తే మునిగిపోయారేమోనని విమానం ఎగరాల్సి వస్తుంది.

సర్వీసింగ్‌కి అనువైన కాలం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల్లో బ్యాటరీ తేదీ, రబ్బరు పట్టీ, తాడు, తేలే సంచి చూసుకోవచ్చు. నిజంగా ఒకసారి వెలిగించిన బీకన్‌కి, పది నిమిషాలే వాడినా సరే, బ్యాటరీ మార్పించాలి. ఆ పని కంపెనీ ఒప్పుకున్న సర్వీస్ సెంటర్లోనే. రబ్బరు పట్టీ కొత్తది వేసి, నీళ్ళు ఎక్కకుండా ప్రెషర్ పెట్టి పరీక్షించాలి, అది వీధి చివర మొబైల్ షాపులో కుదరదు. పంపేది ఏప్రిల్ ఆఖర్లోపే పంపండి, జూన్‌లో అందరివీ ఒకేసారి చేరతాయి. గడువు తీరిన బీకన్ని పాత ఇనప సామాన్లవాడికి అలాగే ఇవ్వకండి. ముందు బ్యాటరీ తీయించి, నమోదులో పేరు కొట్టేయించండి. లేకపోతే తుక్కు కుప్పలో యాంటెన్నా విప్పుకుని అది సాయం కోసం పిలవడం మొదలెడుతుంది, ఫోన్ మీ ఇంటికొస్తుంది.